పాత మండువా ఇంటి వైరింగు: అంతా ఒకేసారి మార్చాలా, విడతలుగా మార్చుకోవచ్చా?

మండువా లోగిలి (తెనాలి, హైదరాబాద్) – జూన్ 4, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మా తాతగారు 1962లో కట్టించిన మండువా ఇంట్లో మా అమ్మానాన్నలు ఉంటున్నారు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, పైన పెంకులు. 1971లో మొదటిసారి కరెంటు పెట్టించినప్పుడు గోడల వెంట, దూలాల వెంట చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద రేకు క్లిప్పులతో రబ్బరు తొడుగు వైరు బిగించారు. సగం ఇంట్లో నేటికీ ఆ వైరే ఉంది. వసారాలో చెక్క బోర్డు మీద మీటరు, ఇనుప డబ్బా మెయిన్ స్విచ్, దాని కింద రెండు పింగాణీ ఫ్యూజులు ఉన్నాయి. తరువాతి కాలంలో మిక్సీ, ఫ్రిజ్, గీజరు, 2016లో ఒక ఏసీ వచ్చాయి. ఏది వచ్చినా దగ్గరలో ఉన్న బోర్డు నుంచే దానికి వైరు లాగుతూ వచ్చారు.

నెల రోజులుగా అమ్మ ఒక మాట చెబుతోంది. ఇల్లు కడిగిన తరువాత తడి కాళ్లతో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేయి చురుక్కుమంటోందట. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే, ఫ్రిజ్ సాకెట్ విప్పి లోపల చిన్న వైరు ముక్కతో పైన ఉన్న పెద్ద పిన్నును (ఎర్త్ పిన్నును), న్యూట్రల్ పిన్నును కలిపి బిగించి వెళ్లారు. చురుక్కుమనడం ఆగిపోయింది. మొత్తం వైరింగు మార్చాలంటే గోడలు కొట్టాలని, అది వానకాలం వెళ్లాక చూద్దామని అన్నారు. అంతవరకూ ఆగవచ్చా? ముందుగా ఏది చేయించాలి?

విశ్రాంత ఏఈ (విద్యుత్ అసిస్టెంట్ ఇంజనీరు, గుంటూరు) – జూన్ 4, రాత్రి 10.25

మీ ఇతర ప్రశ్నలకు తరువాత సమాధానం రాస్తాను. ముందు ఈ రాత్రే నాన్నగారికి ఫోన్ చేసి, మెయిన్ స్విచ్ కట్టేసి ఫ్రిజ్ ప్లగ్గు తీసేయమని చెప్పండి. రేపు ఉదయమే ఆ వైరు ముక్కను తీయించండి. పాలు విరిగిపోయినా ఫరవాలేదు.

కారణం చెబుతాను. ఆ వైరు ముక్క లూపు వల్ల మీ ఫ్రిజ్ ఇనుప శరీరం ఎర్త్‌కు కాక, న్యూట్రల్ వైరుకు అతుక్కుంది. న్యూట్రల్ తెగకుండా ఉన్నంతకాలం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అయితే మీరు రెండు పింగాణీ ఫ్యూజులని రాశారు. ఆ రోజుల్లో ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి చొప్పున ఫ్యూజు పెట్టడం వాడుకలో ఉండేది. న్యూట్రల్ ఫ్యూజు ఎగిరిపోయిన క్షణాన ఇల్లంతా చీకటవుతుంది, అందరూ కరెంటు పోయిందనుకుంటారు. కానీ ఫేజు అలాగే ఉంటుంది. అది ఫ్రిజ్ మోటారు చుట్టలోంచి న్యూట్రల్ పిన్నుకు వచ్చి, ఆ లూపు గుండా ఫ్రిజ్ తలుపు మీదికి 230 వోల్టులు చేరుస్తుంది. చీకట్లో తడుముకుంటూ వచ్చిన మనిషి ముందుగా పట్టుకునేది ఆ తలుపునే కావచ్చు. చురుక్కుమనడాన్ని ఆపడానికి చేసిన పని ప్రాణాంతకమైన ఏర్పాటుగా మారింది.

న్యూట్రల్ మీద ఫ్యూజు ఉండకూడదు. దాని స్థానంలో ఎప్పటికీ తెగని లింకు ఉండాలి. రేపు వచ్చే మనిషి చేత ఈ రెండు పనులూ చేయించండి. ఫ్యూజుల్లో ఏ తీగ ఉందో కూడా చూడమనండి. అసలు ఫ్యూజు తీగకు బదులు పాత వైరులోంచి తీసిన రాగి పోగులు చుట్టి ఉంటే, అక్కడ ఫ్యూజు లేనట్టే లెక్క.

మండువా లోగిలి – జూన్ 5, మధ్యాహ్నం 1.15

ఏఈ గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంటుంది. లూపు తీయించాము. న్యూట్రల్‌కు ఫ్యూజు ఉన్న మాట నిజమే. దాన్ని తీసి రాగి లింకు వేశారు. ఫేజు ఫ్యూజులో మూడు రాగి పోగులు మెలిపెట్టి ఉన్నాయట. వంటింటి బోర్డు దగ్గర పాత వైరును కొద్దిగా వంచగానే రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలిపోయి, లోపలి తీగ గోరంత మేర బయటపడిందని నాన్న ఫొటో తీసి పంపారు. ఇన్నేళ్లూ దాని కిందే పొయ్యి ఉంది. ఇప్పుడు తదుపరి పని ఏమిటి?

చీరాల మిద్దె – జూన్ 5, సాయంత్రం 6.05

మాది కూడా పాత మిద్దె ఇల్లే. నా అనుభవంలో మీకు కావలసింది మంచి ఎర్త్ గుంత. మేము పెరట్లో గొయ్యి తీయించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేయించి, ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ వైరు లాగించాము. అప్పటి నుంచి ఎక్కడా షాకు లేదు. ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారితే లైను తెంచే స్విచ్) కూడా పెట్టించాము గాని, అది వాన పడినప్పుడల్లా పడిపోతూ ఉంటే విసిగి తీయించేశాము. ఎర్త్ సరిగ్గా ఉన్న ఇంటికి అది అదనపు ఖర్చే అని మా మేస్త్రి చెప్పారు.

ఫిజిక్స్ టీచర్ (రాజమహేంద్రవరం) – జూన్ 5, రాత్రి 8.50

చీరాల మిత్రులు మంచి మనసుతో చెప్పారు, వారి ఎర్త్ గుంత అవసరమైనదే. కానీ ఎర్త్ ఉంటే ఆర్‌సీసీబీ అక్కరలేదన్న మాటతో నేను ఏకీభవించలేను. దయచేసి ఈ చిన్న లెక్కను చూడండి.

మీ ఎర్త్ గుంత నిరోధం 6 ఓమ్‌లు అనుకుందాం. ఇంటి గుంతకు అది చెడ్డ సంఖ్యేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపిన చోట మరో 2 ఓమ్‌లు ఉన్నాయనుకుందాం. గీజరులో ఫేజు వైరు ఊడి ట్యాంకుకు తగిలింది. కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి దిగి, నేల మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరాలి. 230 వోల్టులను 8 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 29 యాంపియర్లు. మీ మెయిన్ ఎంసీబీ (భారం మించితే దానంతటదే పడిపోయే స్విచ్) 32 యాంపియర్లదైతే అది కదలదు. గీజరుకు 16 యాంపియర్ల సీ రకం ఎంసీబీ ఉన్నా, అది క్షణంలో పడాలంటే 80 నుంచి 160 యాంపియర్లు పారాలి. 29 యాంపియర్లకు అది నెమ్మదిగా వేడెక్కి, కొన్ని నిమిషాల తరువాత గాని పడదు. ఆ కాసేపూ గీజరు శరీరం మీద ఎంత వోల్టేజీ ఉంటుంది? 29 యాంపియర్లను 6 ఓమ్‌లతో గుణించండి, 170 వోల్టులు దాటుతుంది. ఎర్త్ గుంత ఉండి కూడా స్నానాల గదిలో కుళాయి పట్టుకున్న మనిషి చేతికి తగిలేది అదే.

30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఇలా ఆలోచించదు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేవా అని మాత్రమే అది చూస్తుంది. తేడా 30 మిల్లీ యాంపియర్లకు చేరిందంటే సెకనులో మూడో వంతులోపే పడిపోవాలి. తేడా దానికి ఐదు రెట్లయితే సెకనులో ఇరవై ఐదో వంతులో పడిపోవాలి. మన ఇళ్లలో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ యాంపియర్లు. అంతకన్నా తక్కువ కరెంటు దారి తప్పినా అది ఊరుకోదు. మనిషి శరీరంలో సుమారు 10 మిల్లీ యాంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టు విడవలేని స్థితి రావచ్చునని గుర్తుంచుకుంటే, ఆ 30 అన్న సంఖ్య ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది.

దానికీ ఒక హద్దు ఉంది. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే, వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీ దాన్ని షాకుగా గుర్తించలేదు. వైరు మీద భారం పెరిగినా అది పడదు. ఆ పని ఎంసీబీది. అందువల్ల ఒకటి ఉంది కదా అని రెండోది మానుకోకూడదు.

కాజీపేట వైర్‌మన్ – జూన్ 5, రాత్రి 11.10

నేను పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ను, పాత ఇళ్ల పనులే ఎక్కువగా చేస్తాను. చీరాల గారూ, వాన పడినప్పుడల్లా మీ ఆర్‌సీసీబీ పడిపోయిందంటే అది చెడిపోయిందని కాదు. మీ ఇంట్లో ఎక్కడో గోడ తడిసి, ఆ తడిలోంచి కరెంటు కారుతోందని అది ప్రతిసారీ మీకు చెప్పింది. పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి వారంలోనే పదిలో ఎనిమిది చోట్ల నన్ను మళ్లీ పిలుస్తారు. వచ్చిన వెంటనే దాన్ని తీసి నేరుగా కలిపి వెళ్లిపోవడం పది నిమిషాల పని. అసలు తప్పు వెతకడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. యజమాని రోజు కూలికి ఒప్పుకోకపోవడం వల్లే చాలామంది మొదటి పని చేసి వెళ్తున్నారు.

హనుమకొండలో ఒక ఇంట్లో జరిగినది చెబుతాను. 1985 ప్రాంతంలో కట్టిన ఇల్లు. అన్ని ఎంసీబీలూ కట్టేసినా ఆర్‌సీసీబీ నిలవడం లేదు. అంతకుముందు వచ్చిన ఇద్దరూ పరికరమే చెడిందని రెండుసార్లు కొత్తది కొనిపించారు. నిజానికి ఒంటి పోలు ఎంసీబీ కట్టేస్తే తెగేది ఫేజు మాత్రమే. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఎర్త్‌కో తడి గోడకో తగులుతూ ఉంటే, ఎంసీబీలన్నీ కట్టేసినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. నేను న్యూట్రల్ లింకులోంచి వైర్లన్నీ విప్పి, ఒక్కొక్క సర్క్యూట్‌కూ మెగ్గర్ (వైరు తొడుగు నిరోధాన్ని కొలిచే పరికరం) పెట్టి 500 వోల్టుల మీద చూశాను. మిగిలినవన్నీ పదుల మెగా ఓమ్‌లు చూపిస్తుంటే మేడమెట్ల దీపం లైను మాత్రం సున్నా దగ్గరే ఆగింది. మెట్ల మలుపులో ఇనుప జంక్షన్ బాక్సు మూత తీస్తే, మూత బిగించిన స్క్రూ నల్ల (న్యూట్రల్) వైరు తొడుగులోకి దిగి ఉంది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో తెలియదు. స్క్రూ తీసి, వైరు ముక్క మార్చి, పొట్టి స్క్రూ వేశాను. ఆ ఇంటికి నన్ను మళ్లీ పిలవలేదు.

మరో రెండు కారణాలు కూడా తరచుగా కనిపిస్తాయి. మొదటిది ఇన్వర్టరు. ఇన్వర్టరు లైను న్యూట్రల్‌ను, మామూలు లైను న్యూట్రల్‌ను ఏదో ఒక స్విచ్ బోర్డులో కలిపేసి ఉంటే, వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి మరొకటి అవుతుంది. రెండోది అరువు న్యూట్రల్: దీపానికి ఫేజు ఒక సర్క్యూట్ నుంచి తీసుకొని, వైరు ఆదా చేయడానికి న్యూట్రల్‌ను పక్క సర్క్యూట్ నుంచి లాగడం. పాత ఫ్యూజు బోర్డు ఈ తప్పులను ఎన్నటికీ చూపించదు.

మండువా గారికి నా సలహా ఇది. రబ్బరు తొడుగు వైరు రాలిపోతోందని రాశారు కాబట్టి, దాన్ని కదిలించకుండా ఎంతకాలం ఉంచినా అది నమ్మదగినది కాదు. అయినా ముందు మీటరు తరువాత రెండు పోళ్ల మెయిన్ (ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచేది), 40 యాంపియర్లు – 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ వెనుక చిన్న డీబీ (ఎంసీబీలు ఉండే పంపిణీ పెట్టె) పెట్టించండి. ఇది ఒక పూట పని, గోడ కొట్టనక్కర లేదు. తరువాత ఎర్త్. ఆ పైన వంటిల్లు, స్నానాల గది, ఏసీ లైన్లు. దీపాలు, ఫ్యాన్లు చివరికి.

బెజవాడ గృహిణి – జూన్ 6, ఉదయం 7.30

మాది ఇల్లు కాదు, 1994 నాటి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు. మా అనుభవం ఎవరికైనా ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను. గత చలికాలంలో మూడు రోజుల పాటు పొద్దున్నే పడకగది దగ్గర పచ్చి చేపల వాసన వచ్చేది. మేము శాకాహారులం, పక్క ఫ్లాటు నుంచి వస్తోందనుకొని కిటికీ మూసుకున్నాను. నాలుగో రోజు గీజరు స్విచ్ వేసి, ప్లగ్గు మీద చేయి పెడితే పెనం ముట్టుకున్నంత వేడి. సాకెట్ ప్లేటు అంచు పసుపు రంగు దాటి గోధుమ రంగుకు వచ్చింది. విప్పి చూస్తే స్క్రూ కింద వైరు నల్లబడి, తొడుగు జానెడు మేర కరిగిపోయి ఉంది. కాలుతున్న ప్లాస్టిక్ నుంచి అటువంటి వాసన వస్తుందని అప్పుడే తెలిసింది. అంత జరిగినా ఎంసీబీ పడలేదు. ఎందుకు పడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. లోపల ఉన్నది అల్యూమినియం వైరని మాత్రం చెప్పారు.

మస్కట్ నుంచి నిజామాబాద్ – జూన్ 6, ఉదయం 11.45

అమ్మా, మీ ఎంసీబీ పడకపోవడంలో దాని తప్పేమీ లేదు. గీజరు 2 కిలోవాట్లదైతే తీసుకునేది 9 యాంపియర్ల లోపు. వైరు వదులైనా అంతే తీసుకుంటుంది. వదులైన స్క్రూ దగ్గర మాత్రం ఆ కరెంటు ఇరుకు దారిలో పారుతూ ఆ ఒక్క చోటనే వేడి పుట్టిస్తుంది. అది అధిక భారం కాదు, షార్ట్ కాదు, ఎర్త్‌లోకి కారడమూ కాదు. అందువల్ల ఎంసీబీ గాని, ఆర్‌సీసీబీ గాని దాన్ని పట్టుకోలేవు. మీ ముక్కు పట్టుకుంది.

అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ కింద నొక్కి ఉంచితే, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొద్దికొద్దిగా జారుతుంది. గాలి తగిలిన మేర దాని మీద పొర కట్టి కరెంటుకు అడ్డుపడుతుంది. ఇత్తడి సాకెట్‌లోకి, రాగి వైరులోకి దాన్ని నేరుగా మెలిపెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. నేను గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు భవనాల ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చాను. అక్కడ మేము పనిచేసిన చోట్ల గీజరుకు ప్లగ్గు ఉండేది కాదు. స్నానాల గది బయట ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే స్విచ్, దాని నుంచి గీజరుకు నేరుగా వైరు. ఇక్కడ కూడా అదే పద్ధతిలో చేస్తున్నాను.

మీ ఫ్లాటులో అల్యూమినియం మొత్తం ఒకేసారి పీకనక్కర లేదు. గోడలో పైపులు ఉన్నాయి కాబట్టి, పాత వైరుకే కొత్త వైరు కట్టి లాగవచ్చు. డీబీ నుంచి గీజరుకు, ఏసీకి, వంటింటికి ముందుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు, వాటితో పాటు ఆకుపచ్చ ఎర్త్ వైరు లాగించండి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసి, జ్వాల పాకని రకం తీసుకోండి. కాలిన వైరును అంగుళం కత్తిరించి మళ్లీ కొత్త సాకెట్‌కు బిగించడం మాత్రం చేయించుకోవద్దు; వేడి తిన్న వైరు లోపల దాకా పెళుసై ఉంటుంది.

ఇంకొక మాట అందరికీ. ఎంసీబీ తరచుగా పడుతోందని దాని స్థానంలో పెద్దది పెట్టించకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 10 యాంపియర్లు, 2.5 వైరుకు 16, 4 వైరుకు 25 దాటకుండా చూసుకోండి. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. 2.5 వైరు మీద 32 యాంపియర్ల ఎంసీబీ పెడితే, ముందు కాలేది వైరే.

మండువా లోగిలి – జూన్ 7, రాత్రి 9.00

డీబీ, ఆర్‌సీసీబీ పెట్టే పని ఆదివారానికి కుదిరింది. మూడు సందేహాలు మిగిలాయి. మాది సున్నపు గోడ. గాడి కొడితే పెచ్చులు ఊడుతున్నాయి, అమ్మకు ఆ గోడలు కొట్టడం ఇష్టం లేదు. కనెక్షన్‌కు మంజూరైన లోడు ఇప్పటికీ 1 కిలోవాట్ అని బిల్లులో ఉంది. ఎర్త్ గుంత ఎక్కడ, ఎంత లోతు తీయాలి?

విశ్రాంత ఏఈ – జూన్ 8, ఉదయం 6.20

గోడ కొట్టకండి. సున్నపు గోడకు గాడి కొడితే నిలువునా బలహీనపడుతుంది. పాత చెక్క పట్టీల దారినే పీవీసీ కేసింగ్ పట్టీలు బిగించి, వాటిలో కొత్త వైర్లు వేయించండి. దూలాల మీద, అటక మీద మాత్రం కేసింగ్ కాకుండా పైపు వేయించండి. పెంకుటిళ్లలో ఎలుకలూ ఉడుతలూ తిరుగుతాయి, వైరును కొరుకుతాయి. వైరింగు బయటికి కనిపించడం నామోషీ కాదు, తేడా వస్తే కంటికి కనిపిస్తుంది.

లోడు గురించి డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టుకోండి. ఒక గీజరుకే 2 కిలోవాట్లు, ఏసీకి మరో ఒకటిన్నర వరకు పోతాయి. అదనపు లోడు క్రమబద్ధం చేయించుకుంటే రుసుము కట్టాలి గాని, స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు కూడా ఆ భారానికి సరిపోయేది వేయించుకోవచ్చు. 1971 నాటి లోడుకు వేసిన వైరు మీద ఇప్పటి వాడకం మోపడం మంచిది కాదు.

ఎర్త్ గుంత గోడకు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండాలి. 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, రెండున్నర మీటర్ల పొడవు, నిలువుగా దించి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేస్తారు. మీది కృష్ణా డెల్టా నల్లరేగడి, నీరు పైనే ఉంటుంది కాబట్టి నిరోధం తేలికగానే దిగుతుంది. హైదరాబాద్ రాతి నేలల్లో ఇదే గుంత మూడింతలు కష్టపెడుతుంది. నల్లరేగడి ఎండకు బీటలు తీస్తుంది కాబట్టి వేసవిలో వారానికొకసారి గుంతలో బిందెడు నీళ్లు పోయండి. గొయ్యి పూడ్చిన తరువాత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, ఆ సంఖ్యను డీబీ మూత లోపల రాయించండి.

మీరు అడగని విషయం ఒకటి రాయాలి. పెరట్లో బట్టలు ఆరేసే దండెం దేనితో కట్టారో, రెండు కొసలూ ఎక్కడ కట్టారో చూడండి. నా ఉద్యోగంలో నేను మరచిపోలేని ఇల్లు ఒకటుంది. ఒక పల్లెటూళ్లో జీఐ తీగ దండెం, ఒక కొస జామచెట్టుకు, మరో కొస సర్వీసు వైరు దిగే ఇనుప పైపుకు కట్టి ఉంది. పైపు మూతి దగ్గర గాలికి ఊగి ఊగి వైరు తొడుగు అరిగింది. వాన వెలిసిన పొద్దున ఒక తల్లి తడి చీర దండెం మీద వేసింది. ఆమెను లాగబోయిన కొడుకు కూడా దక్కలేదు. నేను పంచనామాకు వెళ్లేసరికి ఆ చీర ఇంకా దండెం మీదే ఉంది.

ఈ తప్పు మీటరుకు ముందు జరుగుతుంది. మీ ఇంట్లో ఎంత మంచి ఆర్‌సీసీబీ ఉన్నా, దాని దాకా రాని కరెంటును అది ఆపలేదు. అందువల్ల దండేనికి కొబ్బరి తాడో నైలాన్ తాడో వాడండి. సర్వీసు పైపుకు, స్తంభాన్ని లాగి పట్టే స్టే వైరుకు దేన్నీ కట్టవద్దు. పైపు మూతి దగ్గర వైరు అరిగినట్టు కనిపిస్తే 1912కు ఫోన్ చేసి డిస్కం వాళ్లను పిలవండి, మీ ఎలక్ట్రీషియన్‌ను నిచ్చెన ఎక్కించవద్దు. ఎవరికైనా షాకు తగిలి పట్టుబడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ కట్టేయాలని ఇంట్లో పిల్లల దాకా అందరికీ చెప్పండి. దండెం లాంటి చోట, కరెంటు మీటరుకు ముందే వస్తోంది కాబట్టి, మెయిన్ కట్టేసినా అది ఆగదు. దగ్గరికి పోకుండా కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి లైను తీయించాలి.

చీరాల మిద్దె – జూన్ 8, ఉదయం 8.40

మా దండెం జీఐ తీగే. ఇది చదివి వెళ్లి చూశాను, పైపుకే కట్టి ఉంది. ఇప్పుడే తీసేశాను. ఆర్‌సీసీబీ కూడా మళ్లీ పెట్టిస్తాను. కాజీపేట గారు చెప్పినట్టు మెగ్గర్ ఉన్న మనిషినే పిలుస్తాను.

మండువా లోగిలి – జూన్ 29, రాత్రి 8.15

పని చాలావరకు పూర్తయింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం డీబీ, ఆర్‌సీసీబీ బిగించారు. సాయంత్రం దాకా అంతా బాగుంది. ఆరున్నరకు అమ్మ దీపాలు వేయగానే ఇల్లంతా ఆరిపోయింది. మళ్లీ ఎత్తితే నిలిచింది, వసారా దీపం వేయగానే మళ్లీ పడింది. ఎలక్ట్రీషియన్ ఆ పూటకు దాన్ని తప్పించి నేరుగా కలుపుతానన్నారు. కాజీపేట గారి మాటలు గుర్తుండి నాన్న ఒప్పుకోలేదు. ఆ రాత్రి వసారా దీపం మానేసి మిగిలినవి వాడుకున్నారు.

మరునాడు నేను వెళ్లి ఎలక్ట్రీషియన్‌తో పాటు ఆ దీపం వైరును వెంబడించాను. ఫేజు మా స్విచ్ బోర్డు నుంచే వస్తోంది. న్యూట్రల్ మాత్రం దూలం మీదుగా గోడ దాటి బాబాయి గారి వాటాలోకి వెళ్తోంది. 1983లో పంపకాలు జరిగినప్పుడు మండువా మధ్యలో గోడ కట్టి రెండు మీటర్లు పెట్టారు. ఈ ఒక్క వైరును ఎవరూ మార్చలేదు. మా మీటరు నుంచి వెళ్లిన కరెంటు నలభై ఏళ్లుగా బాబాయి వాళ్ల మీటరు న్యూట్రల్ గుండా తిరిగి వెళ్తోందన్నమాట. అది 40 వాట్ల బల్బు, అంటే 170 మిల్లీ యాంపియర్ల పైమాటే. బాబాయి వాళ్లు మెయిన్ కట్టేసి ఏదైనా పని చేసుకునే వేళ మా వసారా దీపం వెలుగుతూ ఉంటే, వాళ్లు కరెంటు లేదనుకున్న వైరులో కరెంటు ఉండేది. ఈ సంగతి చెప్పగానే పిన్ని వాళ్ల అబ్బాయి కూడా ఆర్‌సీసీబీ తెప్పించారు. ఇప్పుడు రెండు వాటాలకూ విడివిడిగా ఉన్నాయి.

వంటిల్లు, స్నానాల గది, ఏసీ లైన్లకు కేసింగ్‌లో కొత్త రాగి వైర్లు వేశాము. ఎర్త్ గుంత కొలిస్తే 3.2 ఓమ్‌లు వచ్చింది. ఫ్రిజ్ ఇప్పుడు చురుక్కుమనడం లేదు. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాము. దీపాల లైన్లు మాత్రం పాత రబ్బరు వైరు మీదే ఉన్నాయి. వాటిని దసరా సెలవుల్లో మారుస్తాము. అంతవరకు ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా?

కాజీపేట వైర్‌మన్ – జూన్ 29, రాత్రి 9.50

దీపాల లైనుకు 6 యాంపియర్ల ఎంసీబీ వేయించండి, ఆ లైను మీద ఏ సాకెట్ ఉన్నా తీయించండి. బల్బులన్నీ ఎల్‌ఈడీ పెట్టండి. వైరులో పారే కరెంటు తగ్గితే వేడీ తగ్గుతుంది. అటక మీద వైరుకు తగులుతున్న పాత కాగితాలు, కొబ్బరి పీచు, గోనె సంచులు ఉంటే దించేయించండి. వాన కురిసే రోజుల్లో ఆర్‌సీసీబీ పడితే, ఏ గదిలో దీపం వేసినప్పుడు పడిందో నాన్నగారిని ఒక కాగితం మీద రాసిపెట్టమనండి. దసరాకు పని మొదలుపెట్టేవారికి అది సగం శ్రమ తగ్గిస్తుంది.

నెలకొకసారి ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బొత్తాం నొక్కాలి. నొక్కగానే టక్కున పడాలి. పడకపోతే అదే రోజు మార్పించండి. కరెంటు బిల్లు వచ్చిన రోజున నొక్కడం అలవాటు చేస్తే మరచిపోరు.

మండువా లోగిలి – జూన్ 30, ఉదయం 7.05

అమ్మ బిల్లు వచ్చే తేదీని కేలండర్‌లో గుర్తు పెట్టుకుంది. ఈ ఉదయం తనే నొక్కి చూసింది, పడింది. కాగితమూ పెన్సిలూ డీబీ పక్కన మేకుకు తగిలించాము.